రెండు వారాల కిందటి మనిషి

డోలీలోంచి దింపిన మనిషిని చూసి ఆమె సత్తువ ఎంతో చెప్పలేం. గెడ్డలు దాటించి, గుట్ట దింపి, రోడ్డెక్కాక అంబులెన్సులో వేసి తెచ్చేసరికి ఎంతటివాళ్లయినా సగం ప్రాణంతో ఉంటారు. తుంటి ఎముక విరిగితే ఇక చెప్పేదేముంది! మత్తు ఇచ్చేదాన్ని కాబట్టి, తట్టుకుంటుందా లేదా తేల్చాల్సింది నేనే.

వయసు చూద్దామంటే ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. మన్యంలో పెద్దవాళ్లు చాలామంది ఆ రోజే పుట్టారు మరి.

వయసు కాదు, ఒంట్లో మిగిలిన నిల్వ ముఖ్యమని వైద్యం ఆలస్యంగానైనా గ్రహించింది. దాన్నే ఫ్రెయిల్టీ లెక్క అంటున్నాం. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, నీరసం, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, పనిపాటలు తగ్గడం. మూడు కనబడితే మనిషి డీలా పడినట్టే. 2010లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 65 దాటిన 594 మందిని ఆపరేషన్‌కి ముందే ఇలా చూశారు. డీలా పడినవాళ్లకి తర్వాత చిక్కులూ ఎక్కువే, ఆస్పత్రిలో రోజులూ ఎక్కువే.

తుంటి విరిగినామెను నడిపించి చూడలేం కదా. అక్కడ కెనడా వైద్యుడు రాక్‌వుడ్ కొలబద్ద నయం. ఇవాళ ఎలా ఉందని కాదు, జబ్బు పడకముందు, రెండు వారాల కిందట ఎలా ఉండేదని అడుగుతుంది. ఆ జవాబు డోలీ మోసినవాళ్ల దగ్గరుంటుంది. "మొన్న సంతకి నడిచే ఎల్లింది డాక్టరమ్మా, కట్టెలమోపు వద్దన్నా వినదు" అని మనవడు అన్నాడంటే నాకు సగం ధైర్యం. అయితే ఆ కొలబద్దలో డబ్బు లెక్కలు, ప్రయాణాలు సొంతంగా చూసుకుంటుందా అనీ ఉంది. బ్యాంకు గడప ఎన్నడూ తొక్కని మనిషికి అందులో మార్కులు తగ్గించడం నాకు నచ్చదు. బరువు తూచిన కాగితాలు ఉండవు. చేతి కడియం వదులైందా అని అడుగుతాను. కిందటేడు బిగుతుగా ఉన్నది ఇప్పుడు మోచేతి దాకా జారితే అదే నా తూకం.

నీరసం దగ్గర మాత్రం తొందరపడను. రక్తం తక్కువైనా, క్షయ ఉన్నా, మలేరియా వచ్చి తగ్గినా నీరసమే. సికిల్ సెల్ ఉన్న ప్రాంతం ఇది. 2023లో కేంద్రం దాని నిర్మూలనకి మిషనే పెట్టింది. ముసలితనం ఖాతాలో రాసేముందు రక్తపరీక్ష చూడాలి. వాటికి మందుంది.

మార్కు ఎక్కువొచ్చిందని ఆపరేషన్ మానేయమనడం ఈ లెక్క ఉద్దేశం కాదు. విరిగిన తుంటితో మంచాన వదిలేస్తే పుండ్లు, న్యుమోనియా వస్తాయి. ఏ చిక్కు రావచ్చో ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటాం, అంతే. ఆ హాప్కిన్స్ లెక్కలో ఇంటికి కాక సంరక్షణ కేంద్రానికి ఎందరు వెళ్లారన్నదీ ఒక ఫలితం. మన కొండల్లో అలాంటి కేంద్రాలెక్కడివి? అందరూ ఇంటికే వెళ్తారు. కాబట్టి కేసు కాగితం మీద మార్కు పక్కన ఇంకో రెండు రాస్తాను: ఇల్లు రోడ్డుకి ఎంత దూరం, నీళ్లు ఎవరు తెస్తారు.

ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లకి మతి తడబడటం మామూలే. దాన్ని పట్టుకోవడానికి తేదీ, ఊరు అడుగుతాం. కువి భాష మాట్లాడే మామ్మని తెలుగులో అడిగితే ఆమె తికమక పడిందో, నా మాటే అందలేదో ఎలా తెలుస్తుంది? అందుకే మొదటి రెండు రాత్రులు మనవడిని వార్డులోంచి బయటికి పంపొద్దని సిస్టర్లకి చెబుతాను.