చేయి వదిలాక దానిష్టం

1878లో బిషప్ మిల్టన్ రైట్ తన కొడుకులకు ఓ బొమ్మ తెచ్చిచ్చాడు. బెండు, వెదురు, కాగితం, మెలిపెట్టిన రబ్బరు... అంతే సరంజామా. వదిలితే ఇంటి కప్పుదాకా లేచింది. అప్పటికి విల్బర్‌కు 11 ఏళ్లు, ఆర్విల్‌కు 7. బొమ్మ విరిగిపోతే పిల్లలు అలాంటివే సొంతంగా చేసుకున్నారు. ఎగరాలన్న పిచ్చి పట్టింది ఆ బొమ్మతోనేనని పెద్దయ్యాక ఆ అన్నదమ్ములే చెప్పుకున్నారు.

ఆ బొమ్మకు మూలం ఫ్రాన్స్‌కు చెందిన అల్ఫాన్స్ పెనో. 1871 ఆగస్టులో పారిస్‌లోని ట్విలరీ తోటలో అతని రబ్బరు విమానం 11 సెకన్లలో 40 మీటర్లు ఎగిరింది. వెనక చిన్న తోక పెడితే విమానం తనంతట తాను నిలదొక్కుకుంటుందని పెనో నలుగురి ఎదుటా చూపించాడు. పెద్ద విమానం కట్టాలన్న కోరిక తీరకుండానే 30 ఏళ్లకు పోయాడు. అతని విద్య మాత్రం నిలిచింది.

రిమోట్ విమానాలు, డ్రోన్లు ఉండగా ఇంకా ఈ రబ్బరు విమానాల గోల ఎందుకంటారా? రిమోట్ చేతిలో ఉంటే తప్పును గాల్లోనే దిద్దుకోవచ్చు. ఇక్కడ ఆ వీల్లేదు. చెప్పాల్సిందంతా నేలమీదే చెప్పి పంపాలి.

తేలికైన బాల్సా పుల్లలతో చట్రం కట్టి, పల్చటి టిష్యూ కాగితం అంటించి, నీళ్లు చిలకరిస్తే ఆరేసరికి కాగితం బిగుసుకుంటుంది. రెక్కల కొసలు కాస్త పైకి లేచి ఉండాలి. ఒక పక్కకు ఒరిగినా సర్దుకునేది అందువల్లే. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. రబ్బరు తిప్పకుండా గడ్డిమీద నెమ్మదిగా విసిరి చూస్తారు. ముక్కెత్తి, ఆగి, కూలబడిందంటే ముక్కుకు బఠాణీ గింజంత మైనం అద్దుతారు. తిన్నగా నేలకు దిగబడితే రెక్కను కొద్దిగా ముందుకు జరుపుతారు. ప్రొపెల్లర్ ఒకవైపు తిరిగితే విమానం రెండోవైపుకు ఒరగాలని చూస్తుంది కాబట్టి ప్రొపెల్లర్ ఇరుసును వెంట్రుకవాసి కుడికీ కిందికీ వంచుతారు. ఇవన్నీ కుదిరాకే పూర్తి చుట్లు. రబ్బరుకు ఆముదం పట్టించి, ఒకరు విమానాన్ని పట్టుకుంటే ఇంకొకరు రబ్బరును నాలుగైదు రెట్లు సాగదీసి, తిప్పుతూ తిప్పుతూ దగ్గరికి నడిచొస్తారు. తొందరపడితే రబ్బరు తెగి చట్రాన్ని చీల్చేస్తుంది.

మరీ బాగా ఎగిరినా చిక్కే. గద్దలు రెక్క ఆడించకుండా తిరిగే చోట వేడిగాలి పైకి లేస్తుంటుంది. అందులో పడితే విమానం ఇక దొరకదు. అందుకే తోకకు చిన్న వత్తి కట్టేవారు. అది కాలి దారం తెగగానే తోక పైకి లేచి, విమానం మెల్లగా దిగేది.

పిల్లలాట అనుకుంటే పొరపాటు. అంతర్జాతీయ పోటీల్లో, రబ్బరుతో ఎగిరే ఎఫ్1బి తరగతి విమానానికి 30 గ్రాముల రబ్బరే అనుమతి. కుర్రతనంలో ఇలాంటి విమానాలతో జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకున్న పాల్ మెక్‌క్రెడీ, తక్కువ బలంతో తేలిగ్గా ఎగరాలన్న ఆ పాఠాన్ని పెద్దయ్యాకా వదల్లేదు. సన్నటి గొట్టాలు, తీగలు, పల్చటి ప్లాస్టిక్ పొర వాడి, విరిగితే వెంటనే అతికించుకునేలా సుమారు 32 కిలోల గాసమర్ కాండర్ అనే విమానాన్ని కట్టాడు. 1977 ఆగస్టు 23న కాలిఫోర్నియాలో సైకిలిస్టు బ్రయాన్ అలెన్ పెడల్ తొక్కి దాన్ని నడిపితే, మనిషి కండబలంతో ఎగిరే విమానానికి పెట్టిన 50,000 పౌండ్ల క్రెమర్ బహుమతి దక్కింది. ఇంజిన్ల బలాన్ని నమ్ముకున్నవాడికి ఆ ఆలోచన వచ్చి ఉండేదా అన్నది అనుమానమే.

మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లకు ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. అందులో చేరేదాకా ఆగక్కర్లేదు. సెలవుల్లో పిల్లలతో కలిసి ఒకటి కట్టి, గాలి లేవకముందే పొద్దున్నే ఖాళీ మైదానానికి వెళ్లండి. కరెంటు తీగలకూ, విమానాశ్రయానికీ మాత్రం దూరంగా ఉండండి.