లీగ్ కమ్ నాకౌట్

పండగ ముందు వారం మా ప్రహరీ గోడకి ఎవరో కబడ్డీ పాంప్లెట్ అంటించి వెళ్ళారు. "పోటీలు లీగ్ కమ్ నాకౌట్ పద్ధతిలో జరుగును. రిఫరీదే తుది నిర్ణయం." నలభై ఏళ్ళయింది, ఒక్క అక్షరం మారలేదు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషంలో ఉండగానే మా మేనల్లుడు ఇంకో కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. వాడికి పదిహేడేళ్ళు, వాళ్ళ నాన్న కువైట్‌లో. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట పోటీ అట, మైనర్లకి పెద్దవాళ్ళ అనుమతి కావాలట. చదివి పెడతానన్నాను. "చదవడానికేముంది మావయ్యా, సంతకమే కదా" అన్నాడు. పాత పాఠకులు ఇక్కడ నవ్వుకుంటారు. కరెంటు బిల్లు వెనక సన్న అక్షరాలు కూడా వదలని మనిషికి రూల్‌బుక్ చేతికిస్తే ఊరుకుంటాడా! రాత్రి పదకొండు దాకా చదివాను.

చదివింది తిట్టడానికే. ఆటకి యజమాని ఉండకూడదన్నది నా పాత పాట, మీకు కంఠతా వచ్చి ఉంటుంది. చెడుగుడు ఎవరి సొత్తు? గీత గీసినవాడిది, గీత దాటినవాడిది. ఈ బీజీఎంఐ అలా కాదు. క్రాఫ్టన్ అనే కొరియా కంపెనీది. మైదానం వాళ్ళదే, తుపాకీ వాళ్ళదే, తూటా తగిలిందో లేదో చెప్పే రిఫరీ కూడా వాళ్ళ సర్వరే. బయటివాళ్ళు పోటీ పెట్టాలంటే వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. 2022 జూలై 28న ప్రభుత్వం చెప్పిందని ఆ ఆటని ఫోన్ల స్టోర్లలోంచి తీసేస్తే, మళ్ళీ 2023 మే దాకా రాలేదు. జీతాలిచ్చి ఆటగాళ్ళని పెట్టుకున్న జట్లు పది నెలలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాయి. కబడ్డీని అలా ఎవడైనా స్టోర్‌లోంచి తీసేయగలడా?

ఇలా రాసి ముగించేద్దామనే కూర్చున్నాను. కానీ పాంప్లెట్ చూసిన కళ్ళు కదా, బుర్ర మా యానాం గౌతమి ఒడ్డుకి పోయింది.

అప్పట్లో సంక్రాంతి కబడ్డీ అంటే ఇసుకలోనే బరి, ముగ్గుతో గీత. బాలయోగి వంతెన 2002లో కదా వచ్చింది, అంతకు ముందు అవతలి ఒడ్డు ఎదుర్లంక జట్లు పంటు మీద దిగేవి. ఆఖరి పంటు దాటిపోతే మన ఊళ్ళోనే అరుగుల మీద పడుకునేవారు. కమిటీ అంటే చందా పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్ళు. మొదటి బహుమతి స్టీలు బిందె. రిఫరీ మా డ్రిల్లు మాస్టారు.

ఒక ఏడు ఫైనల్లో మావాడొకడు కూతకి వెళ్ళాడు. కొలిమి తిత్తిలాంటి ఊపిరి వాడిది. ఇద్దర్ని తాకాడు, ముగ్గురు మీద పడ్డారు, కింద నలుగుతూనే చెయ్యి చాపి గీత అందుకున్నాడు. కూత ఆగిందని వాళ్ళు, ఆగలేదని మేము. అందరూ మాస్టారి మొహం చూశారు. ఆయన నిజాయితీపరుడు. "నాకు వినబడలేదురా, మైకులో పాట వస్తోంది" అన్నారు. ఆ ఫైనల్ ఇప్పటికీ పూర్తి కాలేదు. బిందె మాస్టారింట్లోనే ఉండిపోయింది. రెండేళ్ళ తర్వాత దానితో వాళ్ళావిడ నీళ్ళు మోస్తుంటే నేనే చూశాను.

ఆ కొలిమి తిత్తిని రాష్ట్ర జట్టు ఎంపికకి పిలిచారు. ముప్ఫై కిలోమీటర్లలో కాకినాడ ఉంది, కానీ అది వేరే రాష్ట్రం. మన యానాం పాండిచ్చేరిది. మద్రాసు రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సెక్కి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళాడు. అక్కడ తమిళంలో పేర్లు పిలిచారట. తన పేరు వాళ్ళ నోట ఎలా పలికిందో వాడికి తెలియలేదు, వరస తప్పిపోయింది. తిరిగొచ్చి కొబ్బరి దింపుల్లోకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు కబడ్డీకి టీవీ ఉంది. 2014లో ప్రో కబడ్డీ ఎనిమిది జట్లతో మొదలైంది, అందులో మన తెలుగు టైటన్స్ ఒకటి. కూతకి 30 సెకన్ల గడియారం పెట్టారు, మా మాస్టారి తిప్పలు తప్పాయి. 2023 వేలంలో టైటన్స్ వాళ్ళు పవన్ సెహ్రావత్‌ని రెండు కోట్ల అరవై లక్షల చిల్లర పెట్టి కొన్నారు. పులస వేలం చూసే ఊరివాళ్ళం, ధర చూసి మేం బెదరం. ఆ సీజన్లో రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున తేలారు. మరుసటి సీజన్లో ఏమైంది? ఏమీ కాలేదు, మళ్ళీ వచ్చి ఆడారు. అక్కడ జట్టంటే ఫ్రాంచైజీ, సీటు కొనుక్కున్నదే. ఎంత ఓడినా కిందికి దిగరు, ఎంత గెలిచినా కిందివాళ్ళు పైకి ఎక్కరు. ఎదుర్లంక కుర్రాడొకడు వేలంలో అమ్ముడుపోవచ్చు. ఎదుర్లంక జట్టు మాత్రం జన్మలో అక్కడ ఆడదు.

మేనల్లుడి కాగితం దగ్గర నేను తడబడింది ఇక్కడే. వాడి కల బీజీఐఎస్, అంటే బీజీఎంఐకి క్రాఫ్టన్ వాళ్ళే పెట్టే పెద్ద పోటీ. 2021లో కోటి రూపాయల బహుమతులతో పెట్టిన మొదటి పోటీకి దేశంలో ఏ నలుగురైనా పేరిచ్చుకోవచ్చు. పదిహేను మ్యాచ్‌లు ఆడాలి, మంచివి పది లెక్కేస్తారు, అలా వడపోసి 1024 జట్లని తర్వాతి మెట్టుకి పంపారు. పేరున్న జట్లు నేరుగా పై మెట్టు మీద నిలబడతాయి, నిజమే. కానీ మెట్లంటూ ఉన్నాయి. ఆ నిచ్చెన కొస 2024 జూన్‌లో హైదరాబాద్ హైటెక్స్‌లో తేలింది. పదహారు జట్లు, మూడు రోజులు, రెండు కోట్లు. టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. మొదటి స్థానానికి పది పాయింట్లు, రెండుకి ఆరు, ఎనిమిదో స్థానానికి ఒకటి, పడగొట్టిన మనిషికి మరొకటి. చంపడం అనరు, ఫినిష్ అంటారు. నెత్తురు కూడా ఆకుపచ్చగా వస్తుంది. ఆ దొంగ మర్యాద నాకు నచ్చలేదు గానీ, కూత ఆగిందా లేదా అన్న తగువుకి మాత్రం అక్కడ చోటు లేదు.

కంపెనీలన్నీ ఇంత ఉదారంగా ఉంటాయనుకోకండి. అదే కొరియాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటకి ఎల్‌సీకే అనే పెద్ద లీగ్ ఉంది. 2021లో పది జట్లకి ఫ్రాంచైజీ ఇచ్చి నిచ్చెన తీసేశారు. రేపు క్రాఫ్టన్ కూడా తీసేయొచ్చు, అడిగే హక్కు మనకి లేదు. అయినా ఈ రోజుకి చూస్తే, యజమాని లేని మన ఆటకి పెట్టిన లీగు తలుపు మూసుకుని కూర్చుంది. యజమాని ఉన్న పరాయి ఆట తీసి ఉంచింది. ఈ మాట రాయడం నాకేం ఇష్టం కాదు.

మా చెల్లెలి భయం వేరు. ఫోన్‌లో ఆటంటే రమ్మీ అనుకుంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించిందని అరగంట చెప్పాను. "అయితే మంచిదేనా అన్నయ్యా?" అంది. "మంచిదని ఎవరన్నారు, రమ్మీ కాదన్నాను" అన్నాను.

సంతకం పెట్టాను. బంధుత్వం దగ్గర మేనమామ అని రాశాను. జట్టులో ఎవరెవరని అడిగితే ఇద్దరు యానాం, ఇద్దరు ఎదుర్లంక అన్నాడు. ఏ రాష్ట్రం తరఫున అని కాగితంలో ఎక్కడా అడగలేదు. అనుమానం తీరక వెనక్కి తిప్పి కూడా చూశాను.

సాయంత్రం గోడ దగ్గరికెళ్ళి పాంప్లెట్ మళ్ళీ చదివాను. సన్న అక్షరాలు వదలని మనిషిని, అడుగు లైను వదిలేశానన్నమాట. "రైడ్‌కు 30 సెకన్లు. సెల్ ఫోన్‌లో టైమర్ పెట్టబడును." ఆ ఫోన్ పట్టుకునేది ఎవరయ్యా అని కమిటీ కుర్రాణ్ణి అడిగితే మావాడి పేరే చెప్పాడు. ఆ రాత్రి వాడికి మ్యాచ్ లేకపోతేనట.