మూలకథ, కొమ్మకథలు

ఒక కథకు జనాదరణ లభిస్తే దానికి కొమ్మలు వేయడం నేటి వ్యాపారం కనిపెట్టిన విద్య కాదు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అయినా ‘మాయాబజార్’ (1957) లేని భారతాన్ని తెలుగువాడు ఊహించుకోలేడు. కనుక కొమ్మకథ అనగానే చిల్లర సరుకని తోసివేయడం విమర్శ కాదు. మూలకథ పలకనిది ఆ కొమ్మ ఏమైనా పలికిందా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇంగ్లండు నుంచి ఒక ఉదాహరణ తీసుకుంటాను. కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే ఒక డాక్టరు కథగా ‘డాక్టర్ హూ’ ధారావాహికను బి.బి.సి. టెలివిజన్ 1963 నవంబరు 23న ప్రారంభించింది. 1989లో అది ఆగింది. 2005లో తిరిగి ధారావాహికగా వచ్చింది. ఆ నడుమ కాలంలో కథను బతికించినవి ముఖ్యంగా నవలలు, పత్రికల్లోని బొమ్మల కథలు, 1999 నుంచి బిగ్ ఫినిష్ సంస్థ వెలువరిస్తున్న శ్రవ్యనాటకాలు. ఇవి అసలు కథలో భాగమా కాదా అని అభిమానులు తగవులాడుకుంటారు. ఆ తగవుతో నాకు పనిలేదు.

1980లో వచ్చిన ‘స్టార్ బీస్ట్’ అనే బొమ్మల కథను చూడండి. ఉక్కు కార్ఖానాల పట్నంలో చదువుకునే షారన్ అనే నల్లజాతి బాలిక అందులో డాక్టరుకు సహచరి అవుతుంది. టెలివిజన్‌లో నల్లజాతి స్త్రీ ప్రధాన సహచరిగా రావడానికి 2007 దాకా ఆగవలసి వచ్చింది. పెద్ద తెర సాహసించని పనిని పిల్లల పత్రిక 27 ఏళ్ళు ముందే చేసింది.

రెండవది రాబర్ట్ షియర్‌మన్ రాసిన ‘జూబిలీ’ (2003) అనే శ్రవ్యనాటకం. డాలెక్‌లనే యంత్రరాక్షసులను ఓడించి నూరేళ్ళయిందని ఇంగ్లీషు సామ్రాజ్యం ఉత్సవం చేసుకుంటూ ఉంటుంది. బందీగా మిగిలిన ఒకే ఒక డాలెక్‌ను హింసిస్తూ ఉంటుంది. రాక్షసుణ్ణి జయించినవాడే రాక్షసుడైన వైనం ఇది. ఇదే రచయిత 2005లో ఈ వస్తువును టెలివిజన్‌కు మలిచాడు. డాలెక్ మిగిలింది, సామ్రాజ్యం మాయమయింది. దాని చోట వింత వస్తువులు పోగుచేసే ఒక అమెరికన్ కోటీశ్వరుడు వచ్చాడు. నాటకం ఒక వ్యవస్థను నిలదీస్తే, టెలివిజన్ ఒక వ్యక్తిని నిలదీసింది. పరికరాల ఖర్చు పెరిగేకొద్దీ ప్రశ్న పదును తగ్గుతుందనడానికి ఇంతకన్న రుజువు కావాలా? తెరమీద సామ్రాజ్యాన్ని నిర్మించడానికి కోట్లు కావాలి. చెవిలో నిర్మించడానికి నాలుగు గొంతులు చాలు.

అట్లని శ్రవ్యనాటకాన్ని ఆకాశానికెత్తను. బిగ్ ఫినిష్ కూడా మూలకర్తల అనుమతి మీద నడిచే వ్యాపారమే. పాత అభిమానుల జ్ఞాపకాలను అమ్ముకోవడం కోసమే పుట్టిన నాటకాలూ ఉన్నాయి. పేదతనం సాహసానికి అవకాశం మాత్రమే ఇస్తుంది. సాహసం చేయవలసినవాడు రచయితే.

మంగినపూడి తీరాన కూర్చుని ఈ ఇంగ్లీషు ముచ్చట ఎందుకని మిత్రులు అడగవచ్చు. మన ముంగిట్లోకీ ఈ పద్ధతి వచ్చింది కనుక. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏ.డి.’ 2024 జూన్ 27న విడుదలయింది. దానికి ముందే, మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ అనే యానిమేషన్ ధారావాహిక వచ్చింది. సినిమాలో గంగ ఎండిన కాశీ ఉంది. దాని నెత్తిన సంపదనంతా పీల్చుకునే కాంప్లెక్స్ ఉంది. పదునైన వర్గచిత్రమే! కాని కొమ్మకథ భైరవ సాహసాల చుట్టూ, అతని వాహనంలో మాట్లాడే యంత్రమైన బుజ్జి చుట్టూ తిరుగుతుంది. యంత్రానికి దొరికిన గొంతు కాశీలో దప్పికగొన్న మనిషికి దొరకలేదు. సినిమాకు ముందుగా బజారు చేయడమే దాని ప్రయోజనమయింది.

మనకు శ్రవ్యనాటకం కొత్త కాదు. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నాటకాలు విని పెరిగిన నేల ఇది. కాలువ పైన పారుతున్నా శివారు భూములకు నీరందకపోవడం ఈ డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. కాశీలో ఒక కుండ నీళ్ళ కోసం కాచుకున్న ఇల్లాలి కథను నాలుగు గొంతులతో అరగంట నాటకంగా రాయడానికి కోట్లు అక్కరలేదు. కథ హక్కులు నిర్మాతవి కావచ్చు. దప్పిక ఎవరి సొత్తూ కాదు. కాశీ పేరు మార్చి మన ఊరి పేరు పెట్టుకునైనా మన యువ రచయితలు ఆ నాటకం రాయాలి.