పుస్తకంలో లేని సన్నివేశం

నవలల ఆధారంగా తీసిన టీవీ సిరీస్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ముగిసింది 2019లో. రాత ఎక్కడ పలచబడిందన్న వాదన మాత్రం అభిమానుల్లో ఇంకా ఆరలేదు. నవలలు అయిపోవడం వల్లే అంటారు చాలామంది. నవలా రచయిత మార్టిన్ ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోది రాలేదు. ఆ మాటలో నిజముంది, కానీ సగమే. నవలలో లేనిది కూడా ఈ సిరీస్‌లో బాగా కుదిరింది.

మొదటి సీజన్‌లో ఎపిసోడ్లు నిడివికి చాలక సిరీస్ సృష్టికర్తలు బెనియాఫ్, వైస్ కొత్త సన్నివేశాలు రాశారు. ఐదో ఎపిసోడ్ చూడండి. రాజు రాబర్ట్, రాణి సెర్సీ ఒక గదిలో కూర్చుని వైన్ తాగుతూ మాట్లాడుకుంటారు. ఇది నవలలో లేదు. రాజ్యాన్ని నిలబెడుతున్నది మన పెళ్లేనా అనుకుని ఇద్దరూ పగలబడి నవ్వుతారు. కాసేపటికి, మనిద్దరికీ ఎప్పుడైనా కుదిరేదా అని ఆమె అడుగుతుంది. లేదంటాడు. కత్తి లేదు, డ్రాగన్ లేదు. పదిహేడేళ్ల కాపురం మొత్తం కొద్ది నిమిషాల్లో మన ముందుంటుంది. నా దృష్టిలో స్క్రిప్టు రచయిత పనితనమంటే ఇదే.

తర్వాత తొందర పెరిగింది. మొదట్లో రాజధాని నుంచి ఉత్తరాన ఉన్న వింటర్‌ఫెల్‌కు నెల ప్రయాణం. ఏడో సీజన్‌లో ఇంకా ఉత్తరాన సరిహద్దు గోడ దగ్గరి నుంచి కాకి కబురు వెళ్లడం, డ్రాగన్లు దిగడం చిటికెలో అయిపోతాయి.

అయినా ఆఖరి సీజన్ రెండో ఎపిసోడ్‌లో, యుద్ధానికి ముందు రాత్రి, సెర్సీ తమ్ముడు జేమీ, యోధురాలు బ్రియెన్‌ను నైట్‌గా ప్రకటిస్తాడు. అది రాసింది బ్రయన్ కాగ్‌మన్. ఆ సీజన్‌ను తిట్టేవాళ్లు కూడా ఆయనకు దణ్ణం పెట్టాల్సిందే.