గట్టు మీద తాడు, పాకలో కల్లు

బెంగళూరులో, హైదరాబాద్‌లో ఇప్పుడు మైక్రోబ్రూవరీలంటే మోజు. గాజు గోడ వెనక స్టీలు ట్యాంకులు నిలబెట్టి, బీరు ఇక్కడే పులిసింది, ఇక్కడే తాగండి అంటారు. ధర కూడా ఆ మాటకే. నరసాపురం చుట్టుపక్కల మొగల్తూరు, పేరుపాలెం, తూర్పుతాళ్లు, వేములదీవి వైపు ఊళ్లలో ఆ పద్ధతి తరతరాలుగా ఉన్నదే. సరుకు తయారయ్యేది గట్టు మీది తాటిచెట్టు తలన. తాగేది కూతవేటు దూరంలో తాటాకు కప్పిన పాకలో. మధ్యలో లారీ లేదు, సీసా లేదు, గోదాము లేదు. కల్లును మనం మత్తు లెక్కలోనే చూస్తూ వచ్చాం గాని, దాని వెనకున్న పనితనాన్ని పట్టించుకున్నది తక్కువ. నా దృష్టిలో కల్లుగీత గోదావరి డెల్టా చేతిపనుల్లో ఒకటి. నరసాపురం లేసు అల్లికకు ఎంత గౌరవం ఇస్తామో దీనికీ అంత గౌరవం దక్కాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక డెల్టా అంతా వరి మాగాణి అయింది. పొలం నిండా వరి ఉన్నా గట్టు మాత్రం తాటిచెట్టుకే దక్కింది. దాని నీడ తక్కువ, నిటారుగా పెరుగుతుంది, పక్క పైరుకు అడ్డం రాదు, గట్టు మట్టిని వేళ్లతో పట్టుకుని ఉంటుంది. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో నీళ్లు పోసేవాళ్లు లేకపోయినా బతుకుతుంది. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోతే తాళ్లు చాలాచోట్ల నిలబడ్డాయి. వేసవికి ముంజెలు, ఆ తర్వాత పండ్లు, చలికాలానికి తేగలు, ఇంటికి ఆకు, పెంకుటింటికి దూలాలు, వాసాలు. ఇన్నిచ్చే చెట్టు రైతుకు పెద్దగా ఖర్చు పెట్టించదు. గీసేవాళ్లు చెట్టుకింతని రైతుకు ముట్టజెప్పి ఆ ఏటికి పట్టుకుంటారు.

తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగదాన్ని పోతుతాడు అంటారు. మొలిచిన పదిహేను, ఇరవై ఏళ్లకు గెల వేసేదాకా ఏది ఏదో తెలియదు. రెండింటినీ గీస్తారు. పోతుతాటికి వేళ్లలా పొడుగ్గా వచ్చే పూగెలలను, ఆడచెట్టుకు కాయలు ఇంకా పిందెలుగా ఉన్న గెలలను గీస్తారు. చలి తగ్గుముఖం పట్టిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా తాటికల్లు కాలం. చలికాలంలో ఈతకల్లు. ఈతచెట్టును గీసే తీరే వేరు. గెలను కాదు, మొవ్వు కింద కాండాన్ని చెక్కి ఊట తీస్తారు. కొన్నాళ్లు గీసి కొన్నాళ్లు చెట్టుకు విశ్రాంతి ఇస్తారు. లేకపోతే చెట్టు చచ్చిపోతుంది. ఎగువన ఏజెన్సీకి వెళ్తే జీలుగు కల్లు. ఈ మూడింటినీ ఎరిగినవాళ్లు నోట్లో పోసుకోగానే చెట్టు పేరు చెప్పేస్తారు.

ఇక గీత. చూసేవాళ్లకు చెట్టెక్కడమే పెద్ద విద్యలా కనిపిస్తుంది. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ మోకు, కాళ్లకు బంధం, వెనక కత్తి, ముంతలు. నలభై, యాభై అడుగుల చెట్టును నిమిషాల్లో ఎక్కేస్తారు. అలాంటివి రోజుకు పదో పదిహేనో, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎక్కడం కష్టమే, ప్రాణాపాయమే. అసలు విద్య మాత్రం పైకి వెళ్లాక మొదలవుతుంది. గెలను చూడగానే కత్తి పెట్టరు. కొన్ని రోజులపాటు దాన్ని కర్రతో మెల్లగా కొడతారు, ఒత్తుతారు, నారతో కట్టి కిందికి వంచుతారు. దెబ్బ గట్టిగా తగిలితే లోపలి కండ నలిగి కుళ్లిపోతుంది. తక్కువైతే ఊట రాదు. ఎంత కొట్టాలో చేతికే తెలియాలి. అలా పదును చేశాక కొసను కోస్తే చుక్క దిగుతుంది.

తర్వాత ప్రతి పూటా ఆ కొసను మళ్లీ గీయాలి. ఎందుకంటే చెట్టు తన గాయాన్ని తానే మూసుకుంటుంది. చక్కెర నీళ్లను ఆకుల నుంచి మోసుకొచ్చే సన్న నాళాలు తెగినచోట గడ్డకట్టి పూడిపోతాయి. కత్తితో ఆ పూడికను మాత్రమే తీసెయ్యాలి. మంచి చెయ్యి ఉల్లిపొరంత మందంలో తీస్తుంది. మందంగా కోస్తే ఆ పూట ఊట బాగానే కారుతుంది గాని గెల త్వరగా అయిపోతుంది. పలచగా తీసే మనిషికి అదే గెల వారాల తరబడి పారుతుంది. అందుకే ఒకరి కత్తి ఇంకొకరికి ఇవ్వరు. మంచి చెట్టు రోజుకు రెండు మూడు లీటర్లు ఇస్తుంది. ఎక్కువ ఇచ్చేవీ ఉంటాయి.

కారే ఊట కల్లు కాదు. అది తేటగా, తియ్యగా ఉంటుంది. పది నుంచి పన్నెండు, పదమూడు శాతం దాకా చక్కెర. ముంత లోపల సున్నం పూస్తే పులవకుండా నీరాగా దిగుతుంది, కాస్తే తాటిబెల్లం అవుతుంది. సున్నం పూయకపోతే చుక్క ముంతలో పడ్డ క్షణం నుంచే పులియడం మొదలు. బీరు కాచేవాళ్లు బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడికించి, పిండిని చక్కెరగా మార్చుకుని, చల్లార్చి, అప్పుడు ఈస్టు కలుపుతారు. ఇక్కడ చక్కెరను చెట్టే చేసి పెడుతుంది, ఈస్టును గాలి, ఈగలు, తేనెటీగలు తెస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం ముంత. వాడగా వాడగా మట్టి రంధ్రాల్లో నిన్నటి కల్లు తాలూకు సూక్ష్మజీవులు నిలిచి ఉంటాయి, ఇవాళ్టి ఊటకు అవే తోడు. కొత్త ముంతలో దిగిన కల్లుకు రుచి కుదరడానికి కొన్నాళ్లు పడుతుందని పాతవాళ్లు అనేది ఊరికే కాదు.

లోపల జరిగేది కూడా ఒక్క ఈస్టు పని కాదు. మొదట లాక్టిక్ బ్యాక్టీరియా అందుకుంటుంది. కొంచెం పులుపు, తెల్లని మబ్బు రంగు, నాలుకకు తగిలే ఆ స్వల్పమైన జిగురు దాని చలవే. వెంబడే సాకరోమైసిస్ ఈస్టు, జైమోమొనాస్ అనే బ్యాక్టీరియా చక్కెరను ఆల్కహాలుగా మారుస్తాయి. మెక్సికోలో కలబందను పోలిన మొక్క ఊటతో చేసే పుల్కేలోనూ ఈ జైమోమొనాసే పనిచేస్తుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు నాలుగైదు శాతానికి, అంటే మామూలు బీరు స్థాయికి చేరుతుంది. తర్వాత వెనిగర్ బ్యాక్టీరియా వంతు. మర్నాటికి కల్లు ముక్కుకు ఘాటుగా, గొంతుకు మంటగా తయారవుతుంది. బెల్జియంలో బ్రస్సెల్స్ దగ్గర లాంబిక్ అనే బీరుంది. కాచిన రసాన్ని చలికాలపు రాత్రి తెరిచిన తొట్టెల్లో వదిలేస్తే అక్కడి గాలిలోని ఈస్టే దాన్ని పులియబెడుతుంది. ప్రపంచం దాన్ని గొప్ప పానీయంగా లెక్కిస్తుంది. తోడు వేసే పద్ధతిలో మన ముంతకూ ఆ తొట్టెకూ తేడా లేదు.

పాకలో గడియారం అక్కర్లేదు. పొద్దున దిగిన ముంత తియ్యగా ఉంటుంది, ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఓ దొప్పెడు పుచ్చుకునేది అదే. మధ్యాహ్నానికి తీపి, పులుపు సమానమై నురగ పొంగుతుంది. తెలిసినవాళ్లు ఎదురుచూసేది ఆ వేళకే. సాయంత్రానికి తీపి పోయి పట్టు పెరుగుతుంది. తాటాకు దొప్పను రెండు చేతులా పట్టుకుంటే, పైనుంచి ముంత వంచుతూ పోస్తారు. నంజుకోవడానికి వేయించిన శనగలో, ఎండురొయ్యలో, పచ్చిమిరపకాయో, తీరం దగ్గరైతే వేపిన చేపముక్కో. పాత వాడుకదారు ధర అడగడు, "ఏ గట్టుది ఇయ్యాల?" అని అడుగుతాడు. చెరువు పక్క చెట్టుకీ ఇసుక మెరక మీది చెట్టుకీ రుచిలో తేడా ఉందని అక్కడ ప్రతివాడూ వాదిస్తాడు. "పొద్దెక్కాక అడిగితే పులుపే మిగుల్తుందండి, పెందలాడే రండి, ఆయ్" అంటారు పోసేవాళ్లు. అమ్మకందారే రేపటికి పనికిరాదని ఒప్పుకునే సరుకు మరి కొన్నే ఉంటాయి.

ఇంత చిన్న పాకను సర్కారు ఎప్పుడూ వదల్లేదు. 1886 మద్రాసు ఆబ్కారీ చట్టంతో చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట వచ్చాయి. గీసే మనిషికీ తాగే మనిషికీ మధ్య పాటదారు చేరాడు. గోదావరి జిల్లాల్లో ఈ పని ఎక్కువగా చేసినవారు శెట్టిబలిజలు. అమలాపురం దగ్గరి బోడసకుర్రుకు చెందిన దొమ్మేటి వెంకటరెడ్డి కృషితో 1920లో ఆ పేరు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కింది. చేతివృత్తి మనుషులు తమ గౌరవాన్ని తామే రాయించుకున్న సందర్భం అది. తర్వాత మద్యనిషేధం వచ్చింది. 1937లో సేలం జిల్లాతో మొదలై 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. వేలాది గీత కుటుంబాల చేతిలో కత్తి ఉండగానే పని పోయింది. తాటిబెల్లం సంఘాలు పెట్టారు గాని కల్లుకు వచ్చినంత రాబడి బెల్లానికి రాలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన సత్యాగ్రహాలు నడిపారు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రపు మొదటి ప్రభుత్వం, టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం, మద్యనిషేధం మీద వచ్చిన వివాదంలోనే అవిశ్వాస తీర్మానానికి పడిపోయింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం తాటిచెట్టు దగ్గర తడబడి పడిన సంగతిని మన చరిత్ర పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. 1969లో ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం ఎత్తేసేదాకా గీత చాలాచోట్ల చాటునే సాగింది.

తాగుడు కుటుంబాలను ఏం చేస్తుందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సారా మీద 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు చేసిన పోరాటాన్ని తక్కువ చేసే మాట నేను అనను. కల్లూ మత్తుపదార్థమే, మితం తప్పితే చెరుపే. అయితే గీసిన కల్లును, మందు కలిపిన కల్లును ఒకే గాట కట్టడం అన్యాయం. చెట్లు లేని నగరాల్లో కల్లు కాంపౌండ్లు నడవాలంటే నీళ్లు, శాకరిన్, చివరికి క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటివి కలుపుతారు. తెలంగాణలో వాటివల్ల ప్రాణాలు పోయాయి. చెట్టుకూ పాకకూ మధ్య దూరం పెరిగేకొద్దీ కల్తీకి చోటు పెరుగుతుంది. గట్టు కనిపించే పాకలో, గీసిన మనిషే పోసే చోట, ఆ మోసం కష్టం. ఈ వృత్తిని కాపాడమని అడగడానికి నాకున్న మొదటి కారణం ఇది. ఊరిలోనే పుట్టి ఊరిలోనే అయిపోవడం ఈ సరుకుకు లోపం కాదు, తనిఖీ.

ఇప్పుడు ఆ గట్లే పోతున్నాయి. వరి పొలాలు రొయ్యల, చేపల చెరువులైనచోట పొక్లెయిన్ వచ్చి గట్టును కొత్తగా పోస్తుంది, చెట్టు అడ్డమవుతుంది. నరికిన మొద్దులు ఇటుక బట్టీలకు పోతాయి. చెట్టెక్కేవాళ్లలో నడివయసు దాటినవాళ్లే ఎక్కువ. కొడుకులు గల్ఫుకో హైదరాబాద్‌కో వెళ్లారు. మోకు తెగితే ఆ ఇంటికి ఎవరు దిక్కన్న భయం తండ్రుల్లోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 మద్యం విధానంలో గీత కులాలకు దుకాణాల్లో పది శాతం కేటాయించింది. ఆ కుటుంబాలకు అది ఆసరాయే. కానీ ఆ దుకాణాల్లో అమ్మేది ఫ్యాక్టరీ సీసా. చెట్టుకూ గీతకూ దానివల్ల ఒరిగేదేమీ లేదు. గీతకు కావలసినవి వేరు: నిలబడి ఎక్కే పరికరాలు, పడితే వెంటనే అందే బీమా, పాకకు శుభ్రమైన నీళ్లు, దించిన వేళ రాసిన పలక, పొద్దున నీరా నిలవ ఉంచడానికి ఒక చిన్న శీతల గది.

మొక్కల సంగతి చూసే సంస్థలు పక్కనే ఉన్నాయి. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, దాని కింద రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో తాటి మీద పరిశోధన చేసే కేంద్రం. నీరా, బెల్లం, తేగల పిండి మీద అక్కడ పని జరుగుతోంది. పొట్టిగా ఉండి త్వరగా గెల వేసే చెట్టు దొరికితే సగం ప్రమాదం తగ్గుతుంది. అది దొరికేదాకా ఉన్న విత్తనాన్నే నాటాలి. పండ్లు రాలే ఆషాఢ శ్రావణాల్లో టెంకను గట్టు మీద జానెడు లోతున పాతితే చాలు, ఎరువు అక్కర్లేదు. గెల వేయడానికి ఇరవై ఏళ్లు పడుతుంది కాబట్టి చెరువు కౌలుకిచ్చిన రైతుకు ఆ ఆసక్తి ఉండదు. కాలువ గట్లు, కరకట్టలు, సముద్రపు ఒడ్డు సర్కారువి. నరసాపురం నుంచి అంతర్వేది రేవు ఎదురుగా ఉన్న ఒడ్డు దాకా వశిష్ఠ గోదావరి గట్టున ఇవాళ టెంకలు పడితే, వాటిని గీయడానికి మోకు పట్టేది ఇప్పుడు బడికి వెళ్తున్న పిల్లలు. వాళ్లకు గెల కొట్టడం, పొర తీయడం నేర్పగల చేతులు ఈ ఏడాది ఇంకా చెట్టెక్కుతున్నాయి. గీత సహకార సంఘాలు ఆ చేతులకు శిక్షకుల జీతం ఇచ్చి కూర్చోబెట్టుకోవలసింది ఇప్పుడే.