మామిడాకు మడత

పూలతో ఇల్లు అలంకరించడానికి డబ్బుంటే చాలు. ఆకుతో అలంకరించాలంటే చెయ్యి తిరగాలి. బంతిపూల దండను ఎలా వేలాడదీసినా ఆ రంగు గట్టెక్కిస్తుంది. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. ఉన్నదల్లా ఒకే పచ్చ, ఒకే ఆకారం. వరస తప్పిందంటే వీధిలోంచే తెలిసిపోతుంది. అందుకే ఒద్దికైన మామిడాకుల తోరణం కంటపడితే, ఎవరి ఇల్లని చూసుకోకుండా గుమ్మం ముందు నిలబడిపోతాను. "ఎవరు కావాలండీ?" అని లోపలివాళ్ళు అడగడమూ మామూలే.

తోరణం పని చెట్టు కిందే మొదలవుతుంది. మామిడి చిగురు రాగిరంగులో వస్తుంది, లేతపచ్చకు తిరుగుతుంది, ఆపైన ముదురుపచ్చలో స్థిరపడుతుంది. రాగిరంగు ఆకు ఎంత ముద్దొచ్చినా కోయకూడదు, ఎండెక్కేసరికి తల వాల్చేస్తుంది. మరీ ముదిరిన ఆకు మడతకు లొంగక పుటుక్కున చిట్లుతుంది. ముదురుపచ్చకు తిరిగి, ఇంకా వంగే గుణం పోని ఆకు కావాలి. అదీ ఒకే చెట్టుది, వీలైతే ఒకే వైపుది. పొద్దున్నే, తొడిమతో సహా, ఒక్కొక్కటిగా గిల్లాలి. కొమ్మ విరవొద్దని పెద్దవాళ్ళు కసిరేది ఊరికే కాదు. మామిడి పూత వచ్చేది కొమ్మ కొసనే. సంక్రాంతి వేళ కొసలు తుంచామంటే రాబోయే కాయను కూడా గుమ్మానికి కట్టేసినట్టే.

కోసిన ఆకును నీళ్ళలో ముంచి, తుడిచి, తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. తాడు విషయంలో నాది అరటినార పక్షం. తడిపితే మాట వింటుంది, ఆరాక ఆకును పట్టుకుంటుంది. పురికొస వాడేవాళ్ళతో పోట్లాడను గానీ, నైలాను తాడు వాడేవాళ్ళతో మాట్లాడను.

ఇక మడత. ఆకు ముఖం మనవైపు, కొస కిందికి. తొడిమ వైపు భాగాన్ని తాడు మీదుగా వెనక్కి మడిచి, తాడుకు కాస్త దిగువన రెండు పొరలనూ కలిపి ఈనెపుల్లతో ఒక్క కుట్టు. నడిమి ఈనె చీలకూడదు, పుల్ల కొస ముందుకు పొడుచుకు రాకూడదు. పక్క ఆకు అంచు దీని అంచు మీదికి కొద్దిగా ఎక్కాలి, ఎందుకంటే ఆరేకొద్దీ ఆకు ముడుచుకుంటుంది. ఈ రోజు అంచుకు అంచు ఆనించి కట్టిన తోరణంలో ఎల్లుండికి సందులు పడతాయి. తాడు గుమ్మం వెడల్పు కంటే జానెడు ఎక్కువుండాలి. బిగించి కడితే తోరణం కాదు, బట్టలు ఆరేసే తీగ.

చెయ్యి తిరిగినవాళ్ళకు ఆ ఈనెపుల్ల కూడా అక్కర్లేదు. మామిడి తొడిమ మొదట్లో కాస్త ఉబ్బి ఉంటుంది, గమనించారా? ఆకును మడిచి, గోటితో చిన్న గాటు పెట్టి, తొడిమను అందులోంచి లాగితే ఆ ఉబ్బు గుండీలా అడ్డుపడి ఊడకుండా ఆపుతుంది. ఆకుకు ఆకే తాళం! కోనసీమలో ఒక పెళ్ళి పందిట్లో ఓ పెద్దాయన ఇలా కడుతుంటే చూశాను. కళ్ళు ఎటో, మాటలు ఎవరితోనో, వేళ్ళు మాత్రం ఆగవు. మధ్యకు పొడుగాకులు, చివరలకు పొట్టివి, కొలతకర్ర లేదు, విప్పి మళ్ళీ కట్టడం లేదు. కట్టి పైకెత్తితే ఆకుల కొసలన్నీ కలిసి చక్కటి నెలవంక గీశాయి. పక్కనే ఆయన మనుషులు పచ్చి కొబ్బరిమట్టను నిలువునా చీల్చి, ఒక్కో ఆకునూ పక్క ఆకుల కిందుగా, మీదుగా నడిపిస్తూ పందిరి గుంజలకు తొడుగు అల్లుతున్నారు. చివర మిగిలిన ఆకులతో చిలకలు. ఆ చిలకలు పెళ్ళికొచ్చిన పిల్లల చేతుల్లోకి ఎగిరిపోయాయనుకోండి, అది వేరే సంగతి. అంతటి పనికి ఆ పెద్దాయనకు దక్కింది మైకు సెట్టు కుర్రాడి కూలిలో సగం కూడా ఉండదు.

ఈ సంప్రదాయం ఎప్పటిదని అడిగితే నా దగ్గర పొడుగాటి చరిత్ర లేదు. సాంచీ తోరణాలకూ, ఓరుగల్లు కోటలో కాకతీయులు నిలిపిన రాతి తోరణాలకూ ఆకు తోరణమే అమ్మమ్మ అని మా వాళ్ళు అంటారు, నాకు నమ్మాలనే ఉంది. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రిలో చూతపత్రంగా మామిడి ఉంది, పాలవెల్లికీ కలశానికీ అదే కావాలి. కోసిన ఆకు ఇంకా ప్రాణవాయువు ఇస్తుందని, క్రిములను ఆపుతుందని వాట్సాప్‌లో తిరిగే శాస్త్రం జోలికి నేను పోను. అందంగా ఉందన్న మాట చాలదా? మందంగా, మైనపు మెరుపుతో ఉండే ఆకు కనుక మామిడాకు నెమ్మదిగా ఆరుతుంది. పచ్చ పోయాక కూడా రాలిపోకుండా, రంగు మారుతూ, గాలికి గలగలమంటూ వచ్చే పండగదాకా గుమ్మాన్ని కాస్తుంది.

ఇప్పుడు ఆ గుమ్మాలను చూడండి. ప్లాస్టిక్ మామిడాకులు! ఎండకు వెలిసి, దుమ్ము పట్టి, ఉగాదికీ అవే, దసరాకూ అవే. దేశమంతటా 2022 జులై 1 నుంచి అమలైన ప్లాస్టిక్ నిషేధపు జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్‌ను చేర్చారు గానీ, ఈ ఆకులను వదిలేశారు. ఏళ్ళ తరబడి వేలాడేదాన్ని "ఒకసారి వాడి పారేసేది" అనలేకపోయారేమో. పచ్చి ఆకు కొనేవాళ్ళకైనా సరైన ఆకు దొరుకుతోందా అంటే అదీ లేదు. కొన్నిచోట్ల మామిడి పేరుతో నరమామిడి ఆకు అంటగడుతున్నారు. అంచులు అలలు అలలుగా ఉంటే అదే, మోసపోకండి. మంచి ఆకు దొరికినా ఇంటికి తెచ్చి స్టేప్లర్‌తో టకటకా కొట్టేస్తున్నారు. ఇనుపపిన్ను తుప్పు పడుతుంది, ఆకు చిరుగుతుంది, కింద పడితే కాల్లో గుచ్చుకుంటుంది. ఈనెపుల్ల కొబ్బరి చీపురులోంచి లాగితే వచ్చేదేగా!

వేల రూపాయలు పోసి బెంగళూరు గులాబీలతో గేటు కట్టించుకునే అయ్యలూ అమ్మలూ, ఆకు కట్టే మనిషికి మాత్రం "ఆకులేగా, దానికింతా?" అని బేరమాడతారు. ఈ ఒక్క మాట మానండి. పండగ ముందురోజు రైతుబజారు బయట మామిడి మండలు అమ్మే ఆమెను, "మండలొద్దమ్మా, విడి ఆకులు కోసుకురా, కట్టకు పది రూపాయలు ఎక్కువిస్తాను" అని అడిగి చూడండి. తాడు కూడా చేతికిచ్చి, కట్టిస్తే ఎంతో ఆమెనే చెప్పమనండి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టండి; మడత నేర్చుకోవడానికి ఒక పూట చాలు. స్టేప్లర్ మాత్రం వాళ్ళ స్కూలు సంచిలోనే ఉండనివ్వండి.