గాడిలో నిలిచిన నలుపు: ముద్రణచిత్రాల్లో భయం, స్వప్నం, ఉపచేతన

1. ప్రవేశిక

ప్రతీకవాద ముద్రణచిత్రాలపై విమర్శ తరచుగా ప్రతీకల వివరణతోనే ఆగిపోతుంది. గబ్బిలం భయానికి, గాలిలో తేలే కన్ను స్వప్నానికి గుర్తులని చెప్పి, బొమ్మ రాతిమీద గీసినదా, లోహంలో తొలిచినదా అన్న ప్రశ్నను వదిలేస్తుంది. ఉపచేతన చిత్రణలో ఈ భేదానికున్న ప్రాధాన్యం ఓడిలాన్ రెడాన్, కె. లక్ష్మాగౌడ్ చిత్రాల పోలికలో స్పష్టమవుతుంది.

2. రాయి, రేకు

రెడాన్ తొలి లిథోగ్రాఫ్ సంపుటి 'స్వప్నంలో' 1879లో వెలువడింది. లిథోగ్రఫీలో జిడ్డుగీత రాతి ఉపరితలం మీదనే నిలిచి సిరాను పట్టుకొంటుంది. రెడాన్ నలుపు పొగవలె కమ్ముకొంటుంది. ఆ భయానికి ఊరూ పేరూ ఉండవు.

ఎచింగ్ పద్ధతి వేరు. లోహపు రేకుపై పూతను సూదితో గీస్తే, బయటపడిన లోహాన్ని ఆమ్లం కొరుకుతుంది. ఎక్కువసేపు ఉంచిన కొద్దీ గాడి లోతవుతుంది, నలుపు చిక్కబడుతుంది. సిరా పూసి పైభాగాన్ని తుడిచేస్తే, గాడిలో మిగిలినదే తడికాగితం మీదికి వస్తుంది.

3. నిజాంపూర్ దేహాలు

మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్ హైదరాబాదులో చదివి, 1963–65లో బరోడాలో కుడ్యచిత్రకళ, ముద్రణకళ అభ్యసించారు. ఆయన తొలినాటి ఎచింగ్‌లలో స్త్రీపురుషులు, మేకలు, చెట్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. వీటిని అధివాస్తవికతగా వర్గీకరించడం సగమే సమంజసం. రూపాల కలయిక స్వప్నానిదే. రూపాలు మాత్రం పల్లెవి. పట్టణ మధ్యతరగతి మర్యాద కప్పిపుచ్చిన కామమూ జంకూ ఇక్కడ గాడిలోని సిరావలె పైకి వస్తాయి.

ఆ కాలానిదే నవీన్ 'అంపశయ్య' (1969). ఆ చైతన్యస్రవంతి నవలలో విద్యార్థి రవి ఒక్కరోజు మనోలోకం ఏకాకిది. లక్ష్మాగౌడ్ చిత్రాల్లో ఉపచేతన ఊరుమ్మడిది.

అయితే పద్ధతి ఒక్కటే అర్థాన్ని నిర్ణయించదు. గోయా 80 చిత్రాల 'లాస్ కాప్రిచోస్' (1799) కూడా రేకుపై చేసినదే. అందులో నిద్రిస్తున్న మనిషి చుట్టూ ముసిరిన గుడ్లగూబలు, గబ్బిలాలు వివేకం నిద్రించిన సమాజంపై వ్యంగ్యం. పద్ధతి అవకాశాన్నిస్తుంది, దాన్ని నింపేది కళాకారుని అనుభవం.

4. ముగింపు

తెలుగు విమర్శ ఉపచేతనను ప్రధానంగా కథ, నవలల్లోనే అన్వేషించింది. ముద్రణచిత్రానికి అరువు తెచ్చిన వాదాల పేరు తగిలించి సరిపెట్టుకొంటే, ఆ గాడిని తొలిచిన పల్లె జ్ఞాపకం విమర్శ దృష్టికి అందకుండా పోతుంది. గీత ఎక్కడ దిగింది, దేనిని తుడిచాక మిగిలింది అన్న ప్రశ్నలతోనే ఆ పఠనం మొదలుకావాలి.